ఆగే చెయ్యి

ఆ గురువారం చేయాల్సిన పనులు నా నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను.

పొద్దుటి నుంచే గది వెచ్చగా ఉంచాలి. చల్లబడితే నార తెగుతుంది.
సూదిని స్పిరిట్‌తో తుడవాలి. రెండుసార్లు.
ఫ్యాను ఆపాలి. గోడ గడియారం తీసి వరండాలో పెట్టాలి.
కెప్టెన్ ఇర్ఫాన్ గారికి కుర్చీ, తెల్లకాగితాలు, పెన్సిలు.
పాపకి బొమ్మల పుస్తకం. బిస్కెట్లు మర్చిపోకూడదు.
హైమవతి గారిని గాజులు తీయమని అడగాలి.

ఆఖరి పని మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు మళ్ళీ రాశాను.

హైమవతి గారి భర్త మేజర్ పిన్నింటి సన్యాసిరావు. సైన్యంలో బాంబులు నిర్వీర్యం చేసే ఇంజనీరు. రెండేళ్ళ కిందట ఒక వంతెన కింద పెట్టిన బాంబు దగ్గరికి ఒంటరిగా నడిచి వెళ్ళారు. ఆ పనికి ఎప్పుడూ ఒక్కరే వెళ్తారు, అది వాళ్ళ నియమం. తిరిగి రాలేదు. పదకొండో రోజు పెద్దవాళ్ళు గాజుల కోసం వస్తే హైమవతి గారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "ఇవి నేను కొనుక్కున్నవి. ఎప్పుడు తీయాలో నేనే చూసుకుంటాను" అన్నారట. విజయనగరంలో ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషిని నేను గాజులు తీయమని అడగాలి.

నా పేరు నూకరత్నం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని. మా అమ్మ పొందూరులో నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వెంట్రుక కంటే సన్నటి పోగు తీస్తుంది. నన్ను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివించింది ఆ పోగే. చిత్రమేమిటంటే, భీమిలి దాటాక సముద్రం కనిపించే ఒక మిట్ట మీద ఉన్న మా ప్రయోగశాల కనిపెట్టిందీ ఒక పోగే. కాగితాల్లో దానికి పొడుగాటి పేరుంది. మేం గుర్తునార అంటాం.

చేతితొడుగు లోపల ఆ నార వేళ్ళన్నిటినీ చుట్టి మణికట్టు దగ్గర బయటికి వస్తుంది. మనిషి ముందుకు నడిచినకొద్దీ వెనకాల సాగుతూ, దూరాన భద్రంగా ఉన్న ఒక పెట్టెదాకా పోతుంది. వేలి ఒత్తిడి, వెచ్చదనం, నాడి, అన్నీ పోగు వెంట పరుగెత్తి పెట్టెలోని కండెలో నిలిచిపోతాయి. ఆ కండెని వెచ్చటి సూది మీదుగా విప్పుతూ ఇంకొకరు తొడుగు వేసుకుంటే, ఆ వేళ్ళు వాళ్ళ వేళ్ళలో మళ్ళీ కదులుతాయి. వట్టి యంత్రానికి నార పలకదు. దానికి బతికున్న చెయ్యి కావాలి.

ఏడుసార్లు పలుకుతుంది. ఎనిమిదోసారి అది ఉత్త పోగు.

పలికేటప్పుడు కంప్యూటరు నకలు తీసుకుంటుంది. నకలు ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. కానీ అందులో కదలికే ఉంటుంది. వెచ్చదనం ఉండదు, నాడి ఉండదు. చెయ్యి ఎలా తిరిగిందో తెలుస్తుంది, పట్టుకున్నట్టు మాత్రం ఉండదు.

సన్యాసిరావు గారి కండె మా దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పందం రాసుకున్నాం. ఆరుసార్లు ప్రయోగశాలకి, ఆ నకలుతో కొత్త ఇంజనీర్లకి తర్ఫీదు. ఏడోసారి కూతురు లోహితది. అప్పటికి దానికి నాలుగేళ్ళు. పద్దెనిమిది నిండాక వచ్చి, ఒక్కసారి నాన్న చెయ్యి పట్టుకుంటుంది.

ఆరూ అయిపోయాయి. రెండోసారి తొడుగు వేసుకున్నది నేనే. పొగమంచులో ఎవరో నా చెయ్యి పట్టుకుని నడిపించినట్టుంది. చివర్లో ఏదో సన్నటి అదురు తగిలింది. రిజిస్టరులో 'వణుకు' అని రాసి సంతకం పెట్టాను.

విచారణ సంఘం కూడా దాదాపు అదే రాసింది. "అందరూ వెనక్కి వెళ్ళండి" అన్నాక మేజర్ రేడియో ఆపేశారనీ, "చివరి నలభై ఒక్క సెకన్లలో అధికారి ఏ చర్యా తీసుకోలేదు" అనీ. మా నకలు చూసే అలా రాశారు. నకలులో ఆ నలభై ఒక్క సెకన్లూ లేనేలేవు. బిగుసుకుపోయాడట పాపం, అన్నారు జనం.

*

ఆ గురువారానికి రెండు వారాల ముందు హైమవతి గారు మొదటిసారి మా ప్రయోగశాలకి వచ్చారు. విజయనగరంలో ఒక చిన్న పోస్టాఫీసుకి ఆవిడ పోస్టుమాస్టరు. ఇర్ఫాన్ గారి తర్ఫీదు చూడటానికి మా డైరెక్టరు వరాహమూర్తి గారే పిలిచారు. కెప్టెన్ ఇర్ఫాన్‌ది కర్నూలు. సన్యాసిరావు గారి కింద నాలుగేళ్ళు పనిచేసిన కుర్ర ఆఫీసరు. అదే చేత్తో తయారైన బాంబులు ఇంకో మూడు, ఒక ఊరి మధ్య కల్వర్టు కింద దొరికాయి. పక్కనే గ్యాసు పైపు. అక్కడే పేల్చేయడానికి లేదు, విప్పాల్సిందే. విప్పాల్సింది ఇర్ఫాన్.

నకలు తొడుగు వేసుకుని ఆయన డమ్మీ బాంబుని చకచకా విప్పి చూపించారు. వరాహమూర్తి గారు చప్పట్లు కొట్టారు. తర్వాత హైమవతి గారు, "నేనూ ఒకసారి వేసుకోవచ్చా?" అన్నారు.

వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. అర నిమిషం గడిచింది.

"ఎవరిదమ్మా ఈ చెయ్యి?" అన్నారు.

"సన్యాసిరావు గారిదేనండీ" అన్నాను.

"కొలతలు ఆయనవే. చెయ్యి ఆయనది కాదు. ఇది తొందరపడుతోంది." కళ్ళు తెరిచి నావైపు చూశారు. "ఆయనకి తొందరేదీ? ఏ పనిలోనైనా చెయ్యి పెట్టాక ఒక్క క్షణం ఆగేవారు. పాప జడకి రిబ్బను కట్టినా అంతే. కుక్కరు మూత మీద చెయ్యేసి నిలబడిపోయేవారు. అది బాంబు కాదండీ మహానుభావా, అనేదాన్ని. 'నీకు తెలుసే, ఆ సంగతి కుక్కరుకి తెలియాలి కదా' అనేవారు."

ఇర్ఫాన్ నవ్వబోయి ఆగిపోయాడు. "నిజమే మేడం. సార్ అట్ల ఆగేది నేనూ చూసినా. దూరం నుంచి దుర్భిణీలో చూస్తే ఊరికే కూర్చున్నట్టే ఉండేది. ఎందుకు సార్ అని ఒకసారి అడిగితే, వేలి కొసన నా నాడి ఏదో, దాని అదురు ఏదో విడిపోయే దాకా ఆగాల్రా అన్నాడు. నాకు అర్థం కాలే."

నాకూ అప్పుడు అర్థం కాలేదు. కానీ ఆవిడ అన్న 'ఎవరిదమ్మా' నా వెంటపడింది.

*

ఆ ఆదివారం బస్సెక్కి పొందూరు వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ పెంకుల సందుల్లోంచి చారలు చారలుగా దిగుతోంది. గాలిలో దూది రేణువులు ఏ తొందరా లేకుండా తేలుతున్నాయి. అమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. చక్రం తిరుగుతోంది, చెయ్యి వెనక్కి సాగుతోంది, పోగు పుడుతోంది. ఇది నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మొదటిసారి చూశాను, అమ్మ చెయ్యి ఆగడం. పోగు తెగలేదు. చక్రం ఆగింది. గాలిలో ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. మళ్ళీ కదిలింది.

"ఎందుకాగావమ్మా?"

"ఏటే?"

"ఇప్పుడు చెయ్యి ఆపావు కదా."

"ఆపానేటి?" అమ్మ ఆలోచించింది. "తెగిపోద్దేమోనని. తెగిపోయే ముందు పోగు సెప్తాది. ఇనాలంటే సెయ్యి ఆగాల. గిరగిరా తిప్పేస్తే ఏటినబడతాది?"

"అయితే ఆగినప్పుడు పని చేయనట్టే కదా?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒలే, అంత సదువు సదివావు. తిప్పడం ఎవులైనా తిప్పుతారు. ఆగడవే పని."

నేను లేచి నిలబడ్డాను. నెత్తి మీద పిడుగు పడటం అంటారే, అలా కాదు. నీళ్ళల్లోకి నెమ్మదిగా దిగుతున్నట్టు ఉంది.

నకలు తీసే ప్రోగ్రాము రాసింది నేనే. నార విప్పుతుంటే అంకెలు వరదలా వస్తాయి, దాచడానికి చోటు చాలదు. అందుకని అందులో ఒక నియమం పెట్టాను: అర సెకను కంటే ఎక్కువసేపు చెయ్యి కదలకపోతే ఆ ముక్క తీసెయ్యి. చిన్న అదురుని కదలికగా లెక్కపెట్టకు. ఖాళీని ఎందుకు దాచాలి అనుకున్నాను. భేష్ అన్నారు వరాహమూర్తి గారు. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

పోగు మీద బతికిన ఇంట్లో పుట్టి, ఆగడాన్ని చెత్త అని ఊడ్చేశాను. ఇర్ఫాన్ గారికి ఆగని చెయ్యి నేర్పాను. ఆయన దాన్ని నమ్ముకుని కల్వర్టు కిందికి వెళ్ళబోతున్నారు.

సోమవారం వరాహమూర్తి గారికి అంతా చెప్పాను. "అసలు అంకెలేమైనా మిగిలాయా?" అన్నారు. వచ్చినవి వచ్చినట్టే కోసేసింది సార్, ఏమీ లేవు, అన్నాను. "అయితే మిగిలింది ఏడోది" అన్నారు. ఏడోది మాది కాదు.

ఆయన పైవాళ్ళని గడువు అడిగారు. గ్యాసు పైపు ఉంది, ఊరు ఖాళీ చేయించారు, అంతకంటే ఆగలేమన్నారు. రెండు వారాలకి మించి ఇవ్వలేదు. అందులో అయిదు రోజులు నేను ధైర్యం కూడగట్టుకోవడానికే పోయాయి. అది కూడా నా తప్పే.

*

పోస్టాఫీసులో హైమవతి గారు ఉత్తరాల మీద తేదీ ముద్ర వేస్తున్నారు. కౌంటరు ఇవతల నిలబడే చెప్పాను. ముద్ర ఆగలేదు.

"నేను ఒప్పుకోకపోతే?"

"ఇర్ఫాన్ గారు ఉన్నదాంతోనే వెళ్తారండీ."

"ఎప్పుడు?"

"తొమ్మిది రోజుల్లో."

"అంటే మీరు చేసిన తప్పుకి నా కూతురి వాటా అడుగుతున్నారు."

"అవునండీ" అన్నాను.

"ఇర్ఫాన్‌కి తెలుసా?"

"తెలుసు. మిమ్మల్ని అడగొద్దన్నారు. అది పాపదీ, నేను ఆగడం నేర్చుకుంటాలే అన్నారు."

ఆవిడ ముద్ర ఎత్తి పట్టుకున్నారు. అలాగే ఉంచారు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తర్వాత ముద్ర ఉత్తరం మీదికి దిగింది.

"గురువారం సెలవు పెడతాను. పాపని కూడా తీసుకొస్తాను. తనదేదో ఇస్తున్నాం, తనకి చెప్పకుండా ఇవ్వకూడదు."

*

గురువారం సముద్రం మీంచి పొగమంచు మిట్ట ఎక్కి కిటికీలకి ఆనుకుంది. గదిలో ఫ్యాను లేదు, గడియారం లేదు. దీపాల కింద కండె పాలపుంత ముక్కలా మెరుస్తోంది.

నేను గాజుల మాట ఎత్తేలోపే ఆవిడ అన్నారు: "ఇవి చప్పుడు చేస్తాయి కదూ?" నేను తలూపాను. ఒక్కొక్క గాజూ తీశారు. ఎనిమిది. బల్ల మీద తెరిచి ఉన్న నా నోటుబుక్కులో, ఆ పనుల జాబితా మీదే పెట్టారు. లోహిత చూస్తూ ఉంది.

"మళ్ళీ వేసుకుంటావా అమ్మా?"

"వేసుకుంటానే. నువ్వే తొడుగుదువు గాని."

పాప బొమ్మల పుస్తకం పట్టుకుని తల్లి పక్కనే కూర్చుంది, బయట కూర్చోనంది. ప్రోగ్రాములో నేను పెట్టిన నియమం తీసేశాను. ఆయన చెయ్యి ఎరిగింది ఆవిడే కాబట్టి తొడుగు హైమవతి గారే వేసుకున్నారు. సూది వెచ్చబడింది. కండె తిరగడం మొదలైంది.

"ఆఁ" అన్నారు హైమవతి గారు. మెల్లగా, ఎవరో తలుపు తీసుకుని ఇంట్లోకి వచ్చినట్టు. "వచ్చారు. చెయ్యి వెచ్చగా ఉంది."

సూది మీదుగా పోగు జారుతోంది.

"అరచెయ్యి నేల మీద పెట్టారు."

"మొదలుపెట్టే ముందు అట్లే పెడతాడు మేడం" అన్నాడు ఇర్ఫాన్, దూరం నుంచి. "అయిపోయినాక కూడా. నేలకి చెప్పిపోవాలంటాడు."

ఆవిడ చెయ్యి గాలిలో కదిలింది. ఆగింది. ఆ ఆగడంలో ఆవిడ ముఖం మారిపోయింది. రెండేళ్ళుగా బిగపట్టుకున్నదేదో వదులైంది. కదలిక, ఆగడం. కదలిక, ఆగడం. పొగమంచు కిటికీ మీద నీళ్ళయి జారుతోంది. ఇర్ఫాన్ తన చేతిని కూడా గాలిలో పెట్టి ఆవిడతో పాటు ఆపుతున్నాడు, కదుపుతున్నాడు. నాకు పొందూరు రాట్నం వినిపిస్తున్నట్టే ఉంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. గడియారం వరండాలో ఉంది.

కండె సన్నబడింది. చివరి నలభై ఒక్క సెకన్ల దగ్గర ఆపేద్దామని ముందే అనుకున్నాం. నా వేలు మీట మీద ఉంది. హైమవతి గారు కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపారు.

"ఆపకమ్మా. ఇది వణుకు కాదు."

"ఏమిటండీ?"

"తడుతున్నారు. చూపుడు వేలితో. పైన, కుడి పక్క. రెండుసార్లు." ఆవిడ గొంతు లెక్క చెప్తున్నట్టుంది. "ఆగారు. ఇప్పుడు కింద, రెండు. ఎడమ పక్క, రెండు. లోపలికి... రెండు."

ఇర్ఫాన్ పెన్సిలు పరుగెత్తుతోంది. కాగితం మీద పెట్టె బొమ్మ, దాని మీద చుక్కలు.

"వేలు అడుగుకి పోయింది. బాగా అడుగుకి. అక్కడ... మూడుసార్లు."

పెన్సిలు ఆగిపోయింది. "యా అల్లా. అడుగున ఇంకో ట్రిగ్గరుంది" అన్నాడు ఇర్ఫాన్. "మేము నాలుగే అనుకుంటిమి. చెయ్యి తీస్తే పేలుతుందని సార్‌కి తెలిసిపోయింది. చెయ్యి తీయకుండా వేలితో మాకు చూపిస్తాండాడు. ఆ జాతి బాంబు దగ్గర రేడియో పనికిరాదు, అందుకే ఆపేసినాడు."

రేడియో లేదు. పోగు ఉంది. మూడువందల మీటర్ల పోగు వెనక పెట్టెలో కండెకి చుట్టుకుంటోందని ఆయనకి తెలుసు. ఎవరో ఒకరు దాన్ని తొడుక్కుంటారని తెలుసు. నేను తొడుక్కున్నాను. 'వణుకు' అని రాశాను.

"నాకేమైనా చెప్తారేమో అనుకున్నాను" అన్నారు హైమవతి గారు. కళ్ళ మూలల్లోంచి నీళ్ళు కారుతున్నాయి కానీ పెదాల మీద ఏదో పాత నవ్వు. "చూడండి, అప్పుడు కూడా పనే."

లోహిత లేచి వచ్చింది. తొడుగులో ఉన్న తల్లి చేతి మీద తన చెయ్యి వేసింది. నేను వారించలేదు. అది దాని వాటా.

"అమ్మా, కొట్టుకుంటోంది" అంది పాప.

"నాడే. నాన్నది."

తర్వాత ఆ చెయ్యి తెరుచుకుంది. నెమ్మదిగా, ఏ అదురూ లేకుండా కిందికి దిగింది. అరచెయ్యి చాపి బల్ల మీద ఆనింది. పాప చెయ్యి దానిపైనే ఉంది.

"నేల" అన్నారు హైమవతి గారు. "ఎండకి వెచ్చగా ఉంది."

ఇర్ఫాన్ పెన్సిలు కింద పెట్టి అన్నాడు: "పని అయిపోయింది మేడం. అదీ దానర్థం."

కండె తిరుగుతూనే ఉంది. అందులో ఇంకేమీ లేదు. నొప్పి లేదు, చప్పుడు లేదు. ఉత్త తెల్లటి పోగు.

పాప నోటుబుక్కు మీది గాజులు తీసి తల్లికి ఒక్కొక్కటే తొడిగింది.

*

తొమ్మిది రోజుల గడువులో ఆఖరి రోజు మధ్యాహ్నం ఇర్ఫాన్ ఫోన్ చేశాడు. మూడూ విప్పేశాడు. "అయిదోది సార్ తట్టిన చోటే ఉండె" అన్నాడు. "నేల మీద చెయ్యి పెట్టి వచ్చినా మేడం."

పోయిన నెల విజయనగరం వెళ్ళినప్పుడు హైమవతి గారు నాకు అన్నం పెట్టారు. లోహిత కంచాలు తెచ్చింది, నీళ్ళు తెచ్చింది. ఆవిరి పోయిన కుక్కరు మూత తీయడానికి చెయ్యేసింది. వేసి, ఆగింది. నేను హైమవతి గారి వైపు చూశాను. "నేను నేర్పలేదు" అన్నారు ఆవిడ. ఆవిడ చెయ్యి కూడా అన్నం గరిటె మీద ఆగి ఉంది.

కొత్త నకలు, ఇర్ఫాన్ గీసిన బొమ్మ, నా తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం, మూడూ జతచేసి విచారణ సంఘానికి పంపాం. దస్త్రం చివర ఒక కాగితం చేర్చామని జవాబు వచ్చింది. ముందు రాసిన వాక్యం కొట్టేయడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవట. "ఏ చర్యా తీసుకోలేదు" అన్న మాట ఇంకా అలాగే ఉంది. చివరి కాగితం దాకా తిప్పేవాళ్ళు ఎందరుంటారు?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు సూదిలో దారం ఎక్కిస్తారు, పసిబిడ్డ గోళ్ళు తీస్తారు, పొంగే పాల గిన్నె మీద చెయ్యి వేస్తారు. అప్పుడు మీ చెయ్యి తనంతట తాను ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణాన్ని ఖాళీ అనుకోకండి. నేను అనుకున్నాను. ఆగినప్పుడు ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. పేరు పిన్నింటి సన్యాసిరావు.